రాయి మరిచిపోయిన కథ

ఒక ఇనుపమేకు తీసుకుని, అయస్కాంతంతో ఒకే వైపుగా ముప్ఫైసార్లు రుద్దండి. ఆ మేకు గుండుసూదులను పైకి లేపుతుంది. ఇప్పుడు దాన్ని బండరాతి మీద పది పదిహేనుసార్లు గట్టిగా కొట్టి, మళ్ళీ సూదుల దగ్గిర పెట్టి చూడండి. ఇదివరకటన్ని సూదులను అది లేపలేదు! మేకులో ఇనుము ఏమీ తగ్గలేదు. దెబ్బలు తినేసరికి నేర్చుకున్న పాఠం మరిచిపోయింది, అంతే.

ఇటువంటి మరపు మేకుకే కాదు, రాళ్ళకు కూడా వస్తుంది. రాయి మరిచిపోవటమేమిటని నవ్వకండి. ముందు అది ఎట్లా జ్ఞాపకం పెట్టుకుంటుందో చూదాం.

సూదంటురాయి అని మన పెద్దలు చెప్పే రాయి మాగ్నటైటు అనే ఖనిజం. అది ఇనుమూ, ప్రాణవాయువూ కలిసి ఏర్పడినది. నల్లరాళ్ళు అనేకం దీని రేణువులను తమలో దాచుకుని ఉంటాయి. అగ్నిపర్వతం కక్కిన లావా చల్లారి, ఈ రేణువుల వేడి సుమారు 580 డిగ్రీలకు దిగిందో లేదో, వాటికి అయస్కాంతశక్తి వస్తుంది. అప్పుడు భూమి అయస్కాంతం ఏ దిక్కు చూపితే ఆ శక్తి ఆ దిక్కుకు తిరిగి, చల్లారాక అట్లాగే నిలిచిపోతుంది. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాల నల్లరాళ్ళూ, రాజమహేంద్రవరం దగ్గిరి కాటేరు రాళ్ళూ సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట ఇట్లా చల్లారినవే. ఆ రోజుల్లో మన దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేదని దక్కను నల్లరాళ్ళే శాస్త్రజ్ఞులకు చెప్పాయి!

అయితే అన్ని రేణువులకూ జ్ఞాపకశక్తి ఒకటిగా ఉండదు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగాన్ని నానోమీటరు అంటారు. పది నానోమీటర్ల రేణువులో అయస్కాంతపు దిక్కు మామూలు వేడికే అటూ ఇటూ తిరిగిపోతుంది, దానికి ఏదీ గుర్తుండదు. మరీ పెద్ద రేణువులో పేటపేటకూ ఒక దిక్కు ఏర్పడి, ఒకదానితో ఒకటి పొసగదు. యాభై నానోమీటర్ల ప్రాంతంలో ఉన్న రేణువు మటుకు కోట్ల ఏళ్ళు మాట మీద నిలబడుతుంది.

అటువంటి రేణువును కూడా మరిపించగలది ఒత్తిడి. ఇనుపపరమాణువులు ఒక్కొక్కటీ ఒక చిన్న అయస్కాంతం. అవి ప్రాణవాయువు పరమాణువుల ద్వారా ఒకదాన్నొకటి అదుపులో ఉంచుకుంటాయి. రేణువును బలంగా నొక్కితే పరమాణువుల ఎడం తగ్గుతుంది. అంతవరకు ఏ దిక్కున నిలవటం సుళువుగా ఉండేదో ఆ దిక్కే మారిపోవచ్చు. నొక్కటం మానినా రేణువులన్నీ పాత చోటికి తిరిగి రావు.

ప్రయోగశాలల్లో రాళ్ళను సుమారు 12 వేల వాతావరణాల ఒత్తిడితో నొక్కి చూశారు. అంటే మీ బొటనవేలి గోరంత చోటు మీద కొన్ని ఏనుగులను నిలబెట్టినట్టన్నమాట! కొన్ని రాళ్ళు తమ అయస్కాంతశక్తిలో సగానికి పైగా పోగొట్టుకున్నాయి.

ఇక కుజుడి సంగతి వినండి. 1997లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే నౌక కుజగ్రహాన్ని చేరి, దాని చుట్టూ తిరిగింది. ఈనాడు కుజుడికి భూమికి ఉన్నటువంటి అయస్కాంతం లేదు. కాని దక్షిణాన ఉన్న పాతరాళ్ళలో బలమైన అయస్కాంతశక్తి ఉన్నట్టు ఆ నౌకలోని పరికరం పసిగట్టింది. అంటే ఒకప్పుడు కుజుడికి కూడా అయస్కాంతం ఉండేదన్నమాట. చిత్రమేమంటే, సుమారు 400 కోట్ల ఏళ్ళ కిందట ఒక పెద్ద గ్రహశకలం పడి ఏర్పడిన హెల్లాస్ అనే మహాపల్లంలో ఆ శక్తి దాదాపు లేదు!

దెబ్బ తగిలిన నడిమిచోట వేడికే రాళ్ళు అన్నీ మరిచిపోయి ఉంటాయి. వేడి అంతగా చేరని అంచుల్లో ఒత్తిడే ఆ పని చేసి ఉంటుంది. ఆ సమయాన కుజుడి అయస్కాంతం పనిచేస్తూ ఉంటే, రాళ్ళు మళ్ళీ కొత్తగా ఒక దిక్కు పట్టేవి. అవి ఏ దిక్కూ పట్టలేదు గనక, అప్పటికే ఆ అయస్కాంతం ఆరిపోయిందని చాలామంది శాస్త్రజ్ఞులు ఊహించారు. కాదు, ఇంకా కొంతకాలం ఉన్నదనే వారూ ఉన్నారు. ఇది చిన్న తగాదా కాదు. ఆ రక్షణ పోయాక సూర్యుడి నుంచి వీచే కణాల గాలి కుజుడి వాతావరణాన్ని కొద్దికొద్దిగా ఊడ్చుకుపోయింది. ఒకప్పుడు నీళ్ళు పారిన నేల ఎడారి కావటానికి అదొక కారణం.

మీ మేకును మళ్ళీ అయస్కాంతంతో రుద్దండి, మరిచిన పాఠం మళ్ళీ నేర్చుకుంటుంది. పాపం, హెల్లాస్ రాళ్ళకు అట్లా రుద్దేవాళ్ళే లేకపోయారు!