ఉట్నూరు గోండీయు మన వాక్యమును

ఒక భాషను పొగడబూనినవారు దాని పదసంపదను లెక్కింతురు. తెగడబూనినవారు దానికి లిపి లేదందురు. ఈ రెండును భాషకు పైతొడవులే. భాషకు ప్రాణము వాక్యమునందున్నది. ఇది పండితుల చర్చకు మాత్రమే చెందిన సంగతి యని యెంచరాదు. ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు ప్రాంతమున గోండు, కొలాము పిల్లల చదువును, వారి పెద్దల భూములును దీనితో ముడివడి యున్నవి. కావున పాఠకులు కొంచెము ఓపికతో మా మాట వినవలెనని కోరుచున్నాము.

వాక్యమనగా నేమి? మన ప్రాచీన శాస్త్రకారులు దానికి మూడు లక్షణములు చెప్పిరి: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. “ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు” అని వరుసగా పలికిన అవి మాటలే గాని వాక్యము కాదు. ఒక పదము మఱియొక పదమును కోరవలెను. ఆ కోరికయే ఆకాంక్ష. “నిప్పుతో తడుపుచున్నాడు” అన్నచో పదములు పొసగినను అర్థము పొసగదు, యోగ్యత లేదు. “ఆవును” అని ఉదయమునను, “తోలుకొని రమ్ము” అని సాయంకాలమునను పలికినచో సన్నిధి లేదు.

మన గ్రామములకు దగ్గఱి దృష్టాంతమొకటి చూపెదము. “రైతు పటేలుకు భూమి నిచ్చెను.” ఇందలి “కు” అను ప్రత్యయమును పటేలునుండి తీసి రైతునకు తగిలింపుడు. “రైతుకు పటేలు భూమి నిచ్చెను.” మాటలు అవియే, వాని వరుసయు అదియే, భూమి మాత్రము చేతులు మారినది! మఱి “పటేలుకు రైతు భూమి నిచ్చెను” అని వరుస మార్చినను మొదటి అర్థము చెడదు. ఇచ్చినవాడెవడో, పుచ్చుకొన్నవాడెవడో తెలుగున తెలుపునది విభక్తి. పదము నిలిచిన చోటు కాదు. ఇంగ్లీషున అట్లు కాదు. అందు కర్తృకర్మములు చోట్లు మార్చుకొన్నచో చంపినవాడే చచ్చినవాడగును.

చిన్నయసూరిగారి బాలవ్యాకరణమున (1858) పది పరిచ్ఛేదములు గలవు. సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వఱకు పదమునకు దొరకిన పీట వాక్యమునకు దొరకలేదు. దానికి ప్రత్యేక పరిచ్ఛేదమే లేదు. పాశ్చాత్యదేశమున 1957లో నోమ్ చామ్‌స్కీ ప్రకటించిన గ్రంథముతో వాక్యనిర్మాణమే భాషాశాస్త్రమునకు నడిబొడ్డు అయ్యెను. మనలో చేకూరి రామారావుగారు 1975లో “తెలుగు వాక్యం” వెలువరించి ఆ కొఱతను చాలవఱకు తీర్చిరి.

ఇక ఉట్నూరు వైపు మరలుదము. ఆ యడవులలో కొన్ని దశాబ్దములుగా వినవచ్చుచున్న గోండీ నినాదము తెలుగువారికిని పరిచితమే: “మావ నాటే మావ రాజ్.” మా ఊళ్లో మా రాజ్యము అని దీని భావము. ఈ నాలుగు మాటలను విప్పి చూతము. “మావ” అనగా మా. “నార్” అనగా ఊరు. “లో” అను అర్థము రాగా అది “నాటే” అయినది. మన “ఏరు” “ఏటిలో” అయినట్లును, “నోరు” “నోటిలో” అయినట్లును గదా! సూరిగారు ఔపవిభక్తికమని పేరిడినది ఇదియే. షష్ఠ్యర్థకమైన “మావ” నామమునకు ముందు నిలిచినది, తెలుగునను అంతే. వాక్యమున క్రియ లేదు; తెలుగునను అక్కఱలేదు. “నావా పరోల్” అని గోండు తన పేరు చెప్పినపుడును, “నా పేరు” అని మనము చెప్పినపుడును క్రియాపదము రాదు. హిందీలో “హై” యనియు, మరాఠీలో “ఆహే” యనియు తగిలింపవలెను.

ఆ నినాదమున “రాజ్” ఒక్కటియే ఎరవు మాట. గోండీలోనికి మరాఠీ, హిందీ, తెలుగు మాటలు అనేకములు చేరినవి. అందుచేత కొందఱు దానిని కలగూరగంప యందురు. దూలములు పాతవే యుండగా పెంకులు మార్చిన ఇల్లు పరాయిది కాదు. 1856లోనే కాల్డ్వెల్ తన ద్రావిడభాషా వ్యాకరణమున గోండీకి చోటిచ్చెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు గోండీని తెలుగుతోపాటు దక్షిణమధ్య శాఖలోను, కొలామీని మధ్యశాఖలోను చేర్చిరి. అనగా గోండీ మనకు తోబుట్టువు.

తోబుట్టువులయ్యు భేదములు లేకపోలేదు. తెలుగున “ఆమె వచ్చినది, ఆవు వచ్చినది” అని ఏకవచనమున స్త్రీకి అమహత్తుతో పొత్తు. బహువచనమున “స్త్రీలు వచ్చినారు” అని పురుషులతో పొత్తు. గోండీ, కొలామీలలో బహువచనమునను స్త్రీవాచకములు అమహత్తులతోనే నడచును. కాబట్టి గోండు బాలుడు బడిలో “ఆడవారు వచ్చినవి” అన్నచో అది తెలివిలేమి కాదు. తన భాషలోని సూత్రమును తప్పక పాటించుటయే. ఈ రహస్యము తెలిసిన ఉపాధ్యాయుడు ఒక్క మాటతో దిద్దును, తెలియనివాడు నవ్వును. నవ్వులపాలైన పిల్లవాడు మరునాడు బడికి రాడు.

వాక్యము చదువరాకపోవుటచే కలుగు నష్టము బడితో ఆగదు. నిజాము రాజ్యమున కచ్చేరీ భాష ఉర్దూ. పైన చెప్పిన “కు” ఎవరి పేరునకు తగిలినదో కాగితము చూచి తెలిసికొనజాలని గోండులు భూములు పోగొట్టుకొనిరి. భూమి కొఱకే పోరాడి 1940లో కొమురం భీము జోడేఘాట్ వద్ద ప్రాణములర్పించెను. పిమ్మట హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహమున 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసి, నాగరిలిపిలో గోండీ వాచకములు పుట్టినవి. సేతుమాధవరావు పగ్డీగారు కొలామీకి వ్యాకరణము వ్రాసిరి. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున దొరకిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరినది. లిపి లేదను నింద కూడ దీనితో తీఱినది.

2011 జనాభా లెక్కలలో గోండీ మాతృభాషగా చెప్పుకొన్నవారు దేశమున 29 లక్షలకు పైబడిరి. అయినను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున దానికి చోటు లేదు. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగు సౌకర్యములు కల్పింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. చట్టమున్నంత మాత్రమున చదువు రాదు. ఆ ప్రాంతపు ఉపాధ్యాయునకు గోండీ వాక్యనిర్మాణము కొన్ని వారములైనను నేర్పుట, భూమి కాగితమును సంతకమునకు ముందు గోండీలో చదివి వినిపించుట — ఇవి పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు.

1921లో హైదరాబాదు సభలో తెలుగున మాటాడిన వక్తను హేళన చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ నొప్పి యెఱిగిన జాతి తన తోబుట్టువు మాటను విని నవ్వుట తగదు. ఉట్నూరు బడిలో గోండు పిల్లవాడు పలికిన మొదటి వాక్యమును తప్పని కొట్టివేయక, దానినుండియే తెలుగు పాఠము నారంభింపుడని ఉపాధ్యాయులకును, అధికారులకును మా మనవి.