నోటిపూతా, మనసులోని దిగులూ



మా హిమాయత్‌నగర్‌లో మార్చి నెల వచ్చిందంటే ఏ ఇంట చూసినా పిల్లల పరీక్షల హడావుడే. దాని వెనకే నోటిపూత. "రాత్రంతా మేలుకుంటున్నాడు కదా, వేడి చేసిందమ్మా" అని మజ్జిగ పోస్తాం, కారం తగ్గిస్తాం, బి-కాంప్లెక్సు మాత్రలు తెప్పిస్తాం. పరీక్షలు అయిపోతాయి, పూతా తగ్గుతుంది. పేరు మాత్రం మజ్జిగకొస్తుంది!

మజ్జిగను తీసిపారెయ్యటం లేదు. చల్లనిది తాగితే మంట ఉపశమిస్తుంది. విటమిన్ల మాటా నిజమే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, బి-2 విటమిన్ లోపించిన ఎలుకలకు గాయాలు ఆలస్యంగా మానటం గమనించారు. కాని తిండి బాగానే ఉన్నా పుండు మానదేం?

అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు 1998లో ఒక పరిశోధన ప్రచురించారు. పదకొండు మంది దంతవైద్య విద్యార్థులకు అంగిట్లో మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, మరోసారి పరీక్షకు మూడు రోజుల ముందు. మనుషులు వాళ్లే, నోరూ అదే. పరీక్షల నాటి గాయం మానటానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది. ఒక్కరికైనా త్వరగా మానలేదు! పదకొండు మందే కదా అంటారేమో, నిజమే. అది కావాలని చేసిన గాయం, నోటిపూత కాదు. అయినా మానే తీరు ఇంచుమించు ఒకటే.

గాయమవగానే రక్తంలోని తెల్లకణాలు అక్కడికి చేరి శుభ్రం చేయాలి. వాటిని పిలిచే పదార్థాల్లో ఇంటర్‌ల్యూకిన్-1 ఒకటి. దిగులుగా ఉన్నప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి ఆ పిలుపును అణిచేస్తుంది. పని మొదలవటమే ఆలస్యమన్నమాట.

పరీక్షలు పదిరోజుల ముచ్చట. ముగింపు తెలియని దిగులు మాటేమిటి? మా పక్కింటి వదినగారి అత్తగారికి పక్షవాతం. రెండేళ్లుగా రాత్రి మూడుసార్లు లేచి పక్క మార్చేది ఈవిడే. నాలుక పక్కన పుండు లేచి నెల దాటినా ఎవరికీ చెప్పలేదు. "నా నోటి గొడవ ఎవరిక్కావాలి?" అన్నారు. ఏ కాన్సరో అని లోపల భయం. ఆ భయంతో ఉన్న నిద్రా పోయింది.

ఇలాంటి ఇల్లాళ్ల గురించీ ఆ విశ్వవిద్యాలయం వారే 1995లో పరీక్షించారు. మతిమరుపు జబ్బుతో ఉన్న బంధువులకు సేవ చేసే పదమూడు మంది స్త్రీల చేతిమీది చిన్న గాయం, మిగతావారి కంటే తొమ్మిది రోజులు ఆలస్యంగా మానింది.

అలాగని ప్రతి పుండునూ దిగులు మీదికి నెట్టకండి. మూడు వారాలు దాటినా మాననిదీ, అడుగున గట్టిగా తగిలేదీ, తెల్లమచ్చో ఎర్రమచ్చో ఉన్నదీ వెంటనే చూపించాలి. గుట్కా, పొగాకు అలవాటుంటే మరీను. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్యశాల ఉంది.

వదినగారిని నేనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. విరిగిన పన్ను మొన ఒరుసుకుంటోంది. దాన్ని నున్నగా అరగదీసి, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారమ్మా?" అని అడిగారాయన. ఆవిడ సమాధానం చెప్పలేదు, వెంట వచ్చిన అన్నయ్యగారు తలొంచుకున్నారు. ఇప్పుడు శని, ఆదివారాల రాత్రులు ఆయనే లేస్తున్నారు. మొన్న వదినగారు మా ఇంట్లో మిరపకాయ బజ్జీలు రెండు తిన్నారు.