లినక్స్‌లో ఎస్‌డీకే యాడ్ ఆన్ ఎక్కట్లేదా? డేటా అయిపోకముందే ఇవి చూడండి

ఈ ఎపిసోడ్ టైడాలో కూర్చుని రికార్డ్ చేస్తున్నా. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గంలో, అనంతగిరి మండలంలో ఉండే ఊరు ఇది. కొండల మధ్య సిగ్నల్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా.

ఇక్కడే డిప్లొమా చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఉబుంటూలో ఆండ్రాయిడ్ ఎస్‌డీకే యాడ్ ఆన్ ఇన్‌స్టాల్ చేస్తుంటే ప్రతిసారీ ఎర్రరే. మూడు రోజుల డేటా పోయింది. సోమవారం ప్రాజెక్ట్ చూపించాలి."

ఫైబర్ నెట్ ఉన్నవాళ్లకి ఫెయిలైన డౌన్‌లోడ్ అంటే మళ్లీ ఒక క్లిక్ అంతే. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద నడిచేవాళ్లకి మాత్రం ఆ రోజు పని అక్కడితో ఆగిపోయినట్టే. అందుకే మళ్లీ మళ్లీ ట్రై చేయకుండా, డేటా ఖర్చు కాని చెకింగ్‌లు ముందు చేద్దాం.

మొదటిది, మీరు వెతికే యాడ్ ఆన్ అసలు ఉందా? యాడ్ ఆన్ అంటే ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్ మీద అదనంగా పెట్టే లైబ్రరీల మూట. పాత పాఠాల్లో "గూగుల్ ఏపీఐస్ యాడ్ ఆన్ వేసుకోండి" అని ఉంటుంది. అది ఏపీఐ లెవెల్ 24తో ఆగిపోయింది. ఆ తర్వాత గూగుల్ ఏపీఐస్ ఎమ్యులేటర్ సిస్టమ్ ఇమేజ్‌లో భాగంగానే వస్తున్నాయి. మ్యాప్స్ లాంటివి కావాలంటే గ్రేడిల్ ఫైల్‌లో ప్లే సర్వీసెస్ లైబ్రరీ ఒక లైన్ రాస్తే చాలు. నిజంగా పాతదే కావాలంటే, ఎస్‌డీకే మేనేజర్‌లో "హైడ్ ఆబ్సొలీట్ ప్యాకేజెస్" టిక్ తీసేయండి, లిస్టులో కనిపిస్తుంది.

రెండోది పర్మిషన్. "నాట్ రైటబుల్" అని వస్తోందా? ఉబుంటూ ఆప్ట్ ద్వారా ఎస్‌డీకే వేస్తే అది సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. దాని యజమాని రూట్, మీరు కాదు. చాలామంది వెంటనే సుడో కొట్టేస్తారు. అప్పటికి పని అవుతుంది, కానీ కొత్త ఫైళ్లు కూడా రూట్ పేరు మీదే పడతాయి. రేపు సుడో లేకుండా తెరిస్తే మళ్లీ అదే గొడవ. మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఎస్‌డీకే పెట్టుకోండి. హోమ్‌లో ఉన్నవే రూట్ చేతికి పోయుంటే, సీహెచ్ఓన్ కమాండ్‌తో ఆ ఫోల్డర్‌ని మీ పేరు మీదకి మార్చుకోండి.

మూడోది, రెండు ఎస్‌డీకేలు. టెర్మినల్ ఒకచోట ఇన్‌స్టాల్ చేస్తుంది, ఆండ్రాయిడ్ స్టూడియో ఇంకోచోట వెతుకుతుంది. ఆండ్రాయిడ్ హోమ్ వేరియబుల్‌లో ఉన్న దారి, స్టూడియో సెట్టింగ్స్‌లో ఉన్న దారి ఒకటేనా చూడండి.

నాలుగోది జావా. పాత ఎస్‌డీకే టూల్స్ జావా 8తో నడిచేవి. జావా 9, ఆపైన పెడితే "ఎక్స్ఎమ్ఎల్ బైండ్" అంటూ పెద్ద ఎర్రర్ వస్తుంది. కొత్త కమాండ్‌లైన్ టూల్స్‌కి జావా 17 కావాలి. ఇంకో మెలిక, జిప్ విప్పాక ఆ ఫైళ్లన్నీ కమాండ్‌లైన్ టూల్స్ ఫోల్డర్ లోపల "లేటెస్ట్" అనే ఫోల్డర్‌లో ఉండాలి. లేకపోతే ఎస్‌డీకే రూట్ ఎక్కడుందో దానికి తెలియదు.

ఐదోది, లైసెన్స్, డిస్క్. లైసెన్స్ ఒప్పుకోకపోతే ప్యాకేజ్ ఎక్కదు. ఎస్‌డీకే మేనేజర్‌ని లైసెన్సెస్ ఆప్షన్‌తో నడిపి, చదివి వై కొట్టండి. జిప్‌కీ, విప్పిన ఫైళ్లకీ రెండింటికీ జాగా కావాలి కాబట్టి డిఎఫ్ కమాండ్‌తో ఖాళీ ఎంతుందో చూడండి. డౌన్‌లోడ్ సగంలో ఆగి, తర్వాత కూడా మొరాయిస్తుంటే, స్టూడియో మూసేసి ఎస్‌డీకే ఫోల్డర్‌లో దాగి ఉన్న టెంప్ ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇవన్నీ సరిగా ఉండి నెట్ ఒక్కటే సమస్య అయితే? లినక్స్ వాడే ఫ్రెండ్ దగ్గర పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ప్లాట్‌ఫామ్స్, యాడ్ ఆన్స్ ఫోల్డర్లు జావా ఫైళ్లే కాబట్టి విండోస్ నుంచి తెచ్చినా పనిచేస్తాయి. బిల్డ్ టూల్స్, ప్లాట్‌ఫామ్ టూల్స్ మాత్రం లినక్స్‌వే ఉండాలి. ఫోల్డర్ మొత్తం, లోపలి ప్యాకేజ్ ఫైల్‌తో సహా, అదే వరసలో పెట్టాలి. మొదటి బిల్డ్‌కి గ్రేడిల్ కూడా బోలెడు దించుకుంటుంది. అది విశాఖలోనో కాలేజీలోనో ఒకసారి చేయించి, ఊళ్లో ఆఫ్‌లైన్ మోడ్ పెట్టుకోండి.

అన్నిటికంటే పెద్ద పొదుపు ఇది. ఒక జీబీ పైన ఉండే సిస్టమ్ ఇమేజ్ అసలు దించొద్దు. చేతిలో ఫోన్ ఉంది కదా! యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. "నో పర్మిషన్స్" అని వస్తే, యూడెవ్ రూల్స్ ఉండే చిన్న ప్యాకేజ్ వేసి, మీ యూజర్‌ని ప్లగ్‌డెవ్ గ్రూప్‌లో చేర్చి, లాగౌట్ అయి లాగిన్ అవ్వండి. తర్వాత ఫోన్‌లో "అలో" నొక్కండి.

తమ్ముడి విషయంలో తప్పు రెండో దగ్గర దొరికింది. ఎస్‌డీకే సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంది. ఎర్రర్ చివరి లైన్‌లో ఆ మాటే ఉంది, కానీ పైన ఎర్రగా కనిపించేదే చూసి మళ్లీ డౌన్‌లోడ్ నొక్కుతూ వచ్చాడు. ఫోల్డర్ మార్చాం, ఎమ్యులేటర్ వదిలేశాం, యాప్ అతని ఫోన్‌లోనే తెరుచుకుంది.

ఈసారి ఎర్రర్ వస్తే ముందు డేటా ఆపండి, మొత్తం చదవండి, తర్వాతే నొక్కండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.