దొరికిందనిపించాక

1979లో ఇంగ్లండులో ‘మాస్కరేడ్’ అనే బొమ్మల పుస్తకం వెలువడింది. కథ రాసిందీ, బొమ్మలు వేసిందీ కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు. చంద్రుడి దగ్గర నుంచి సూర్యుడికి ఒక నగను మోసుకెళ్తున్న కుందేలు దాన్ని దారిలో పోగొట్టుకుంటుంది. కథ ఇంతే. కానీ ఆ నగ కథకే పరిమితం కాలేదు. విలియమ్స్ 18 క్యారెట్ల బంగారంతో ఒక కుందేలు నగను స్వయంగా తయారుచేసి, మెటల్ డిటెక్టర్లకు చిక్కకుండా మట్టి తొడుగులో పెట్టి, 1979 ఆగస్టులో ఒక రాత్రి బ్రిటన్‌లో ఒకచోట పాతిపెట్టాడు. పక్కన సాక్షిగా ఉన్నది బాంబర్ గాస్కోయిన్ అనే టీవీ ప్రముఖుడు ఒక్కడే. నగ ఎక్కడుందో చెప్పే ఆధారాలన్నీ పుస్తకంలోని 15 చిత్రాల్లోనే ఉన్నాయి. ఎవరు కనిపెడితే నగ వాళ్ళది.

అప్పటి నుంచి రెండేళ్ళకు పైగా దేశదేశాల పాఠకులు ఆ బొమ్మలతో కుస్తీ పట్టారు. విలియమ్స్‌కు జవాబులు మోసుకొచ్చిన ఉత్తరాలు వేలకు వేలు. ఆ వేట కథను గాస్కోయిన్ 1983లో పుస్తకంగా రాశాడు. మనిషి మెదడు చిక్కులను ఎలా విప్పుతుందో, ఎలా తనను తాను మోసగించుకుంటుందో తెలుసుకోవాలనుకునే వారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో చిన్న చిన్న లెక్కలతో చూసినవన్నీ ఈ వేటలో పెద్ద ఎత్తున జరిగాయి.

కళ్ళెదుటే ఉన్న జవాబు

చిక్కు విప్పాలంటే కళ్ళను ఉపయోగించాలని పుస్తకం మొదట్లోనే చెప్పింది. చదివినవాళ్ళు జాగ్రత్తగా చూడమంటున్నారని అనుకున్నారు. భూతద్దాలు పట్టుకుని ఆకులూ రాళ్ళూ మబ్బులూ వెతికారు. నిజానికి ఆ మాటలో చెప్పిన కళ్ళు పాఠకుడివి కావు, బొమ్మల్లోని మనుషులవీ జంతువులవీ. ఒక్కో ప్రాణి ఎడమ కంటి నుంచి ఎడమ చేతి పొడవాటి వేలి మీదుగా గీత గీస్తే, అది బొమ్మ చుట్టూ ఉన్న చట్రంలోని ఒక అక్షరాన్ని తాకుతుంది. అదే కంటి నుంచి ఎడమ కాలి పొడవాటి వేలి మీదుగా గీస్తే మరో అక్షరం. తర్వాత కుడి వైపు కూడా అలాగే. ఇలా వచ్చిన అక్షరాలను వరసగా పేరిస్తే ఒక్కో బొమ్మకు ఒక మాటో, చిన్న పదబంధమో తయారవుతుంది.

గూఢమైన ఆధారాలు రాసేవాళ్ళ నేర్పంతా ఇక్కడే ఉంటుంది. వాళ్ళు విషయాన్ని దాచరు. రెండు అర్థాలున్న మాటను ఎదురుగా పెడతారు. అలవాటైన అర్థం ముందుగా తడుతుంది. అది తట్టాక రెండోది కనబడకుండా పోతుంది.

అబ్రహాం లూచిన్స్ అనే శాస్త్రవేత్త 1942లో ప్రచురించిన ప్రయోగం దీన్నే చూపింది. 21, 127, 3 కొలతలున్న మూడు పాత్రలతో 100 కొలతల నీళ్ళు తేవాలి. పెద్దది నింపి, అందులోంచి మొదటి పాత్రతో ఒకసారి, చిన్న పాత్రతో రెండుసార్లు తీసేస్తే సరిపోతుంది. ఇదే పద్ధతిలో తేలే లెక్కలు వరసగా కొన్ని ఇచ్చాక, 23, 49, 3 కొలతల పాత్రలతో 20 తెమ్మన్నాడు. 23 లోంచి 3 తీస్తే అయిపోయే లెక్క ఇది. కానీ అప్పటికి పాత పద్ధతికి అలవాటు పడినవాళ్ళలో ఎక్కువమంది 49 లోంచి 23, మళ్ళీ రెండుసార్లు 3 తీస్తూ కూర్చున్నారు. ముందటి లెక్కలేవీ చేయనివాళ్ళు చిటికెలో చెప్పేశారు. తెలిసిన దారి నడవడానికి వీలుగా ఉన్నంతసేపూ మెదడు ఇంకో దారి వెతకదు.

ఆ మెరుపు

అగ్గి, రైలు, తపాలా. ఈ మూడింటి చివరా అతికే ఒకే మాట ఏది? ఒక్క క్షణం ఆలోచించి చూడండి.

‘పెట్టె’ అని తట్టినవాళ్ళకు అది రెండు రకాలుగా తట్టి ఉండొచ్చు. అగ్గితో కలిసే మాటలను ఒక్కొక్కటే మిగతా రెంటితో కలిపి చూసి తేల్చుకోవడం ఒక రకం. ఏమీ తోచక ఉన్న సమయంలో హఠాత్తుగా జవాబు మెరవడం మరో రకం. ఇంగ్లీషులో ఇలాంటి చిక్కులు ఇచ్చి, మార్క్ జంగ్-బీమన్, జాన్ కూనియోస్, వారి సహచరులు మెదడు పనితీరును నమోదు చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. జవాబు మెరుపులా వచ్చినప్పుడు, అది తెలిసిన క్షణానికి సుమారు 0.3 సెకను ముందు, కుడి చెవికి కాస్త పైభాగాన ఉండే మెదడు ప్రాంతంలో విద్యుత్ చురుకుదనం ఒక్కసారిగా పెరిగింది. దూరదూరపు అర్థాలను కలపడంలో ఆ ప్రాంతానికి పాత్ర ఉంటుంది. అంతకు సుమారు ఒక సెకను ముందు, చూపుకు సంబంధించిన వెనుక భాగంలో బయటి దృశ్యాల రాకను తగ్గించే తరహా తరంగాలు కనిపించాయి. కష్టమైన ప్రశ్న అడిగితే మనం గోడకేసో పైకప్పుకేసో చూడటానికి కారణం ఇలాంటిదే కావచ్చు.

తెగని చిక్కును కాసేపు పక్కన పెట్టి వేరే పని చూసుకోమని పెద్దలు చెప్పే మాటకూ ఆధారం ఉంది. 117 అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2009 నాటి విశ్లేషణలో విరామం మేలు చేస్తుందని తేలింది. అయితే ముందు ఆ చిక్కుతో ఎక్కువసేపు పెనుగులాడినవాళ్ళకే విరామం ఎక్కువ ఫలమిచ్చింది.

నీడతో కొలిచిన చోటు

15 చిత్రాలూ విప్పితే వచ్చిన సందేశం 19 మాటలు. కేథరిన్ పొడవాటి వేలి నీడ విషువత్తు నాటి మధ్యాహ్నం ఎక్కడ పడుతుందో అక్కడ పసుపుపచ్చని నగ పాతి ఉందని దాని సారాంశం. ఈ కేథరిన్ ఎవరో తేల్చడానికి పుస్తకంలో ఇంకో ఆధారం ఉంది: ఎనిమిదికి ఆరుగురిలో ఒకరు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి ఆరుగురు రాణులు. మొదటి రాణి అరగాన్ కేథరిన్. రాజు ఆమెను వదిలించుకోవాలని చూస్తున్న రోజుల్లో ఆమె బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఆంప్‌థిల్ కోటలో గడిపింది. దాని గుర్తుగా 1773లో నిలిపిన శిలువ స్తంభం ఇప్పటికీ ఆంప్‌థిల్ పార్కులో ఉంది. సందేశంలోని పొడవాటి వేలు అదే.

ఇక మిగిలింది ఖగోళం లెక్క. మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా పైన ఉంటాడు. ఆ రోజు మధ్యాహ్నం నిటారు స్తంభం నీడ పొడవు, స్తంభం ఎత్తును ఆ ఊరి అక్షాంశపు టాంజెంట్‌తో గుణిస్తే వస్తుంది. ఆంప్‌థిల్ ఉన్నది సుమారు 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. 52 డిగ్రీల టాంజెంట్ 1.28. స్తంభం 5 మీటర్లనుకుంటే నీడ 6.4 మీటర్లు, సరిగ్గా ఉత్తరానికి. అదే స్తంభం నీడ జూన్ 21న 2.7 మీటర్లే. డిసెంబరు 21న 19 మీటర్లు దాటుతుంది. రోజు తప్పుగా అర్థం చేసుకుంటే తవ్వేచోటే మారిపోతుంది. హైదరాబాదులో అయితే విషువత్తు మధ్యాహ్నం 5 మీటర్ల స్తంభానికి మీటరున్నర నీడే పడుతుంది. సందేశంలోని మధ్యాహ్నమంటే గడియారం పన్నెండు కొట్టడం కాదు, సూర్యుడు దక్షిణోత్తర రేఖను దాటే క్షణం. ఈ లెక్క తెలిసినవారికి విషువత్తు దాకా కాచుకునే పని లేదు. స్తంభం ఎత్తు, ఉత్తర దిక్కు తెలిస్తే ఏ రోజైనా ఆ చోటు గుర్తించవచ్చు.

సందేశాన్ని పుస్తకం ఆధారాలతోనే సరిగ్గా విప్పినవారు మైక్ బార్కర్, జాన్ రూసో అనే ఇద్దరు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు. నగ మాత్రం 1982లో మరొకరి చేతికి వెళ్ళింది. ఆ విజేత చిక్కు విప్పలేదనీ, విలియమ్స్‌కు ఒకప్పుడు సన్నిహితంగా ఉన్న వ్యక్తి ద్వారా చేరిన సమాచారంతో ఆ చోటు తెలుసుకున్నాడనీ 1988లో ‘సండే టైమ్స్’ పత్రిక బయటపెట్టింది. నగ దక్కకపోయినా, ఆ ఉపాధ్యాయుల జవాబు వైజ్ఞానిక పద్ధతికి నిలువెత్తు ఉదాహరణ. ఎందుకో తెలియాలంటే తప్పు జవాబులు ఎలా పుట్టాయో చూడాలి.

లేనివి కనిపించడం

చిత్రాల్లో పోలికలు కనిపించిన డెర్బీషైర్‌లోని సడ్‌బరీ హాల్‌లోనూ, ట్యూక్స్‌బరీలోనూ జనం వెతికారు. పేరులోనే కుందేలున్న హేర్స్‌ఫీల్డ్ బీకన్ అనే కొండకు ఎంతమంది వచ్చారంటే, నిధి ఇక్కడ లేదని చెప్పే బోర్డు పెట్టడానికి విలియమ్స్ తన డబ్బు ఇవ్వాల్సి వచ్చింది. వచ్చినవాళ్ళెవరూ తెలివితక్కువవాళ్ళు కారు. ప్రతి ఒక్కరి దగ్గరా పేజీలకు పేజీల రుజువులుండేవి.

లోపం లెక్కలో ఉంది. ఒక చిత్రం నుంచి పదిరకాల మాటలు లాగే స్వేచ్ఛ మనకు మనం ఇచ్చుకున్నామనుకోండి. 15 చిత్రాలకు కలిపి 1 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని కలయికలు వస్తాయి. అన్నింటిలో మనకు నచ్చిన ఊరిని సూచించేది ఒక్కటైనా లేకపోతేనే ఆశ్చర్యం. అక్షరాలను తిరగేసీ, కొన్ని వదిలేసీ, అంకెలు కలిపీ ఎక్కడికైనా చేరుకోవచ్చు. అలా చేరిన జవాబు మన స్వేచ్ఛ నుంచి పుట్టినదే.

దీనికి మన ఇంకో స్వభావం తోడవుతుంది. 1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త 2, 4, 6 అనే అంకెలిచ్చి, వీటి వెనకున్న నియమం కనిపెట్టమన్నాడు. ఎవరైనా తమకు తోచిన మూడంకెలు చెప్పి, అవి నియమానికి సరిపోతాయో లేదో అడగవచ్చు. ఎక్కువమంది 8, 10, 12 లాంటివి అడిగి, సరిపోతాయని విని, రెండేసి చొప్పున పెరగడమే నియమమని ప్రకటించారు. అసలు నియమం అంకెలు పెరుగుతూ పోవడమే. 1, 2, 9 అని ఒక్కసారి అడిగి ఉంటే బయటపడేది. తమ ఊహ తప్పని చూపగల ప్రశ్నను ఎక్కువమంది అడగలేదు.

జవాబు మెరిసినప్పటి ఆనందం కూడా సాక్ష్యం కాదు. మెరుపులా తట్టిన జవాబులు సగటున ఎక్కువగా నిజమవుతాయని 2016లో వెలువడిన ప్రయోగాలు చూపాయి. కానీ 2020లో రూబెన్ లౌకొనెన్, ఆయన సహచరులు ఇంకో సంగతి బయటపెట్టారు. ఒక వాక్యంలో ఒక మాట అక్షరాలను తారుమారు చేసి, దాన్ని సరిచేయమని ఇచ్చారు. ఆ మాట తళుక్కున తట్టినవారికి ఆ వాక్యం మొత్తం మరింత నిజమనిపించింది, అది నిజమైనా కాకపోయినా. ఆ మెరుపు ఆనందం పక్కనున్నదానికి కూడా అంటుకుంటుందన్నమాట.

మన దగ్గర ఈ స్వభావం ఆటగా మాత్రమే మిగలలేదు. శాసనం మీది చంద్రుడి బొమ్మనో, బండ మీది పాము గుర్తునో నిధికి దారి అని చదివి, రాయలసీమలోనూ తెలంగాణలోనూ పాత గుళ్ళల్లో గుప్తనిధుల కోసం గర్భగుడులు తవ్వినవారున్నారు, నంది విగ్రహాలు పగలగొట్టినవారున్నారు. సూర్యచంద్రుల బొమ్మలు దానశాసనాల మీద చెక్కేది ఆ దానం సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలని. ఆ అర్థం తెలియకపోవడం వల్ల వందల ఏళ్ళ చరిత్ర ముక్కలైపోతోంది. భూమిలో దొరికిన పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ చెబుతోంది. చట్టం కంటే ముందు మెదడుకు పరీక్ష పెట్టడం రావాలి.

తనను తాను రుజువు చేసుకునే జవాబు

ఆ పరీక్ష ఏమిటో బార్కర్, రూసోల జవాబులో ఉంది. 15 చిత్రాలకూ ఒకే నియమం వర్తించింది: కన్ను, వేలు, అక్షరం. ఏ చిత్రానికీ మినహాయింపు ఇవ్వలేదు. వచ్చిన 15 మాటల, పదబంధాల మొదటి అక్షరాలను వరసగా చదివితే ‘క్లోజ్ బై ఆంప్‌థిల్’, అంటే ఆంప్‌థిల్ దగ్గర అని వచ్చింది. ఎవరూ వెతకని చోట రెండో రుజువు దొరికింది. 26 ఇంగ్లీషు అక్షరాల్లోంచి 15 అక్షరాలు కాకతాళీయంగా సరిగ్గా ఆ వరసలో పడే అవకాశం, 1 పక్కన 21 సున్నాలు పెట్టిన సంఖ్యలో ఒకటి కంటే తక్కువ.

సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1949లో ఇదే విషయాన్ని సంకేత లిపుల విషయంలో లెక్కగట్టాడు. ఒక్కో అక్షరానికి మరో అక్షరం పెట్టి రాసిన ఇంగ్లీషు సందేశం సుమారు 30 అక్షరాలకు తగ్గితే, అర్థవంతమైన జవాబులు ఒకటికి మించి ఉండవచ్చు. అంతకు మించితే సాధారణంగా ఒక్కటే నిలబడుతుంది. పొట్టి ఆధారం ఎన్ని జవాబులకైనా తలూపుతుంది. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆధారాలు ఒకే చోటుకు చేరాలి. మన పొడుపు కథలదీ ఇదే నీతి. చెప్పిన లక్షణాలన్నింటికీ జవాబు అతకాలి. మూడింటికి అతికి నాలుగోదానికి అతకకపోతే అమ్మమ్మలు ఒప్పుకోరు.

నలుగురు కలిసినప్పుడు

కాలనీలోనో బడిలోనో నిధి వేట పెట్టాలనుకునేవారికి ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి. 2010లో అనితా వూలీ బృందం 699 మందిని చిన్న జట్లుగా చేసి పనులు అప్పగించింది. జట్టులో అందరికంటే తెలివైనవారి తెలివి, జట్టు విజయాన్ని పెద్దగా నిర్ణయించలేదు. ఎదుటివారి మనసు కనిపెట్టే నేర్పు ఉన్న జట్లు, అందరూ దాదాపు సమానంగా మాట్లాడిన జట్లు బాగా చేశాయి. కాబట్టి జట్టులోని ప్రతి ఒక్కరూ ముందు తమ జవాబును విడిగా కాగితం మీద రాసుకోవాలి, తర్వాతే కలిసి మాట్లాడుకోవాలి. లేకపోతే గొంతు పెద్దదైనవారి ఊహే అందరి కళ్ళకూ గంతలు కడుతుంది. ఒకరికి మాత్రం వేరే పని అప్పగించాలి: ఈ జవాబు తప్పైతే ఎక్కడ తెలుస్తుంది అని అడగడం.

ఆధారాలు రాసేవారికీ బాధ్యత ఉంది. ప్రతి ఆధారానికీ ఒక ధ్రువీకరణ ఉండాలి. సరైన చోటికి చేరిన పిల్లలకు అది సరైనదేనని అక్కడే తెలియాలి. తప్పు చోటికి వెళ్ళినవారికి అది తప్పని త్వరగా తెలియాలి. తవ్వాల్సిన అవసరం, గోడలెక్కే అవసరం రాకూడదు. అమెరికాలో ఫారెస్ట్ ఫెన్ 2010లో ప్రకటించిన నిధి 2020లో వయోమింగ్‌లో దొరికేలోపు, దాన్ని వెతుకుతూ కొండల్లో, నదుల్లో కనీసం ఐదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తన ఊహ సరైనదేనన్న నమ్మకం మనిషిని ఎంత దూరమైనా తీసుకెళ్తుంది.

పిల్లలకు ఈ ఆట నేర్పడం విలువైన పని అని నా నమ్మకం. జవాబు తట్టగానే ఎగిరి గంతేయనిద్దాం. ఆ సంతోషం వాళ్ళ హక్కు. ఆ వెంటనే ఇది తప్పైతే ఎలా తెలుస్తుందని అడగడం కూడా నేర్పుదాం. ఆ రెండో ప్రశ్న అలవాటైన పిల్లవాడు పెద్దయ్యాక ఫోనులో వచ్చే వదంతినీ, అద్భుతం చేస్తానన్న మందునూ, గుడి కింద నిధి ఉందన్న మాటనూ అదే ప్రశ్నతో నిలబెడతాడు.