ఎరువేస్తే మాయమయ్యే పువ్వు!

ఏ మొక్కయినా ఎరువేస్తే ఏపుగా పెరుగుతుంది. ఈ మొక్క మాత్రం ఎరువేస్తే కనిపించకుండా పోతుంది. పూసేది ఐరోపా కొండల మీదే అయినా దాని పేరు మన ఇళ్లలో చాలామందికి తెలుసు.

ఆర్నికా... ఆ మాట వినగానే కొందరికి తలనూనె సీసా గుర్తొస్తుంది. పిల్లాడు పడి బొప్పి కట్టించుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు హోమియో పెట్టె తీసి వేసే తియ్యటి మాత్రలు గుర్తొస్తాయి ఇంకొందరికి. మరి ఆ మొక్కను ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. దక్షిణ స్కాండినేవియా నుంచి ఆల్ప్స్, కార్పేతియన్ కొండల దాకా ఉన్న చల్లటి పచ్చికబయళ్లే దాని పుట్టిల్లు.

మన చామంతికి, పొద్దుతిరుగుడుకు ఇది చుట్టమే. ఆకులు నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటాయి. మధ్యలోంచి మూరెడు కాడ లేచి, జూన్, జులై నెలల్లో నారింజ ఛాయ కలిసిన పసుపు పువ్వు పూస్తుంది. చలికాలంలో పైభాగమంతా ఎండిపోయినా నేలలోపలి కాండం బతికే ఉంటుంది. మంచు కరిగాక మళ్లీ చిగురిస్తుంది.

బీదనేలంటేనే ఇష్టం
సున్నం లేని, సారం తక్కువైన పుల్లనేలలే ఆర్నికాకు కావాలి. అలాంటి చోట గడ్డి పొట్టిగా, పలుచగా ఉంటుంది. నేలబారు ఆకులకు ఎండ తగులుతుంది. అదే నేలకు ఎరువో సున్నమో వేశారనుకోండి, గడ్డి ఏపుగా లేచి ఆర్నికాను నీడలో ముంచేస్తుంది. పశువులకు మేత పెరుగుతుంది, పువ్వు పోతుంది.

పోయిందంటే తిరిగి రావడం కష్టమే. గింజలకు దూదిలాంటి కుచ్చు ఉన్నా గాలికి ఎక్కువ దూరం పోవు. నేలలో ఏళ్ల తరబడి నిల్వా ఉండవు. పైగా సొంత పుప్పొడితో గింజ కట్టదు. చుట్టుపక్కల వేరే మొక్కలు తగినన్ని ఉండాల్సిందే!

కొడవలే కాపలా
అలాగని మనిషి పోకుండా వదిలేస్తే బాగుంటుందా అంటే... అదీ లేదు. కోయని గడ్డి అక్కడే పడి మేటవేస్తుంది. పొదలొస్తాయి, తర్వాత చెట్లొస్తాయి. ఏటా గడ్డి కోసే రైతు ఉంటేనే ఆర్నికా ఉంటుంది.

రుమేనియాలోని అపుసేని కొండల్లో గార్దా దె సూస్ అనే ఊరి రైతులకు ఇది అనుభవమే. చలికాలంలో పశువులకు వేయడానికి వాళ్లు ఎండుగడ్డి కోసుకునే బయళ్లలోనే ఆర్నికా పూస్తుంది. ఆ పూలు కోసి అమ్మడం అక్కడి పేద కుటుంబాలకు నాలుగు డబ్బులొచ్చే పని. పచ్చిపూలకు వచ్చేది తక్కువ. అందుకే 2004-07 మధ్య నడిచిన ఓ పరిరక్షణ పథకంలో ఊళ్లోనే పూలు ఎండబెట్టి అమ్మే ఏర్పాటు చేశారు. పువ్వుకు మంచి ధర వస్తే రైతు ఆ బయలును వదిలెయ్యడు, ఎరువూ వెయ్యడన్నది ఆలోచన. ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లోనూ 2007లో రైతులు, గ్రామాలు, పూలు కొనే సంస్థలు కలిసి ఇలాంటి ఒప్పందమే చేసుకున్నాయి. ఐరోపా సమాఖ్య అయితే 1992 నాటి చట్టంలోనే ఈ మొక్క సేకరణకు హద్దులు పెట్టే వీలు కల్పించింది.

జర్మనీలో 'ఆర్బో' అనే సాగు రకాన్నీ తయారుచేశారు. అయినా కొండల్లో పూలు కోయడం ఆగలేదు.

మందే... కానీ జాగ్రత్త!
కమిలిన దెబ్బలకు, వాపులకు ఆర్నికాను పైపూతగా వాడటం ఐరోపాలో పాత అలవాటు. కానీ ఇందులోని హెలెనలిన్ అనే పదార్థం కడుపులోకి పోతే విషం. తెగిన గాయం మీదా రాయకూడదు. కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి. హోమియో మాత్రల్లో మాత్రం మూల పదార్థాన్ని బాగా పలుచన చేస్తారు. వాటి ఫలితం ఉత్తుత్తి మాత్రలకన్నా మెరుగని గట్టిగా రుజువు కాలేదు. ఆ నూనెతో జుట్టు పెరుగుతుందన్నదీ అంతే.

మందు సంగతి ఎలా ఉన్నా పువ్వు సంగతి మాత్రం నిజం. ఈసారి ఆ పేరు కనిపించినప్పుడు ఓసారి గుర్తుచేసుకోండి... ఎక్కడో ఓ కొండరైతు కొడవలి పక్కన పెట్టేస్తే, ఆ పసుపు పువ్వు సీసా మీద బొమ్మగానే మిగులుతుంది!