పాత దృశ్యానికి కొత్త రూపు

‘కాగజ్’ అంటే ఉర్దూలో కాగితం. కాగితపు మిల్లు కారణంగా పేరు పొందిన పట్టణం కాగజ్‌నగర్. నిజాం పాలనాకాలంలో నెలకొన్న ఇక్కడి సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో చేతులు మారి మళ్లీ ఊపిరి పోసుకుంది. మనిషి తన జ్ఞాపకాలను నిలుపుకోవడానికి నమ్ముకొన్న సాధనాలలో కాగితం ఒకటి. దానికి ముందు తాటాకు ఉండేది. తరువాత ఫిల్ము, క్యాసెట్టు వచ్చాయి. నేడు కంప్యూటరు ఫైలు వచ్చింది. సాధనం మారిన ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. పాతదానిలో ఉన్న విషయం కొత్తదానిలోకి చేరుతుందా? లేక పాతదానితోపాటే నశిస్తుందా?

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) ఈ ప్రశ్నను తెలుగు సాహిత్యం విషయంలో ఎదుర్కొన్నారు. ఆనాడు ఎన్నో కావ్యాలు తాటాకులపై శిథిలమవుతూ ఉండేవి. ఆయన సొంత ధనం వెచ్చించి, పండితులను నియమించి, వాటి పాఠాలను సరిచూపించి కాగితం మీదికి ఎత్తి రాయించారు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించారు. ఆ శ్రమ ఫలితంగా ఎన్నో గ్రంథాలు మనదాకా వచ్చాయి. చలనచిత్రాల విషయంలో అందరికీ అంతటి అదృష్టం దక్కలేదు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను చూద్దామంటే నేడు దాని ప్రతి లభించదు.

కాగజ్‌నగర్ ఉన్న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనే మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940వ దశకంలో అక్కడ నివసించి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. ఆయన హిమాలయ ప్రాంతాలలో తీసిన 16 మిల్లీమీటర్ల ఫిల్ములను తరువాతి కాలంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 2000లో ఆరంభమైన ‘డిజిటల్ హిమాలయ’ పథకం కింద కంప్యూటరు రూపంలోకి మార్చారు. ప్రొజెక్టరు లేనివారు సైతం నేడు వాటిని చూడగలుగుతున్నారు.

అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య కళాకారుడు కనక రాజు 2021లో పద్మశ్రీకి ఎంపికై, 2024 అక్టోబరులో కన్నుమూశారు. దీపావళి రోజులలో జరిగే దండారి ఉత్సవంలో నెమలి ఈకల టోపీ ధరించి ఆడే ఆటను పదిహేను, ఇరవై ఏళ్ల కిందట సెల్‌ఫోనులో చిత్రించుకొన్న వారి దగ్గర ఆ దృశ్యం ‘3జీపీ’ ఫైలుగా మిగిలి ఉండవచ్చు. ఆనాటి పెళ్లి వేడుకలు ‘ఏవీఐ’ ఫైళ్లుగానో, వీడియో సీడీలుగానో బీరువాలలో ఉంటాయి. నేటి ఫోన్లలో కొన్నింటికి ఇవి అర్థం కావు. ఫైలు పదిలంగానే ఉన్నా బొమ్మ కనిపించదు, లేదా మాట వినిపించదు.

దీనికి కారణం తెలుసుకోవాలంటే ఒక ఉత్తరాన్ని ఊహించండి. దానికి పైన కవరు ఉంటుంది, లోపల ఒక లిపిలో రాసిన విషయం ఉంటుంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి వినిపించే ఈ ప్రాంతంలో ఉత్తరం అందినంత మాత్రాన చాలదు, ఆ లిపి వచ్చినవారు కావాలి. వీడియో ఫైలూ అంతే. ఏవీఐ, 3జీపీ, ఎంపీ4 అనేవి కవర్లు. లోపల దృశ్యాన్ని కుదించి రాసిన పద్ధతిని ‘కోడెక్’ అంటారు. అదే లిపి. 2003లో వెలువడిన ‘హెచ్.264’ నేడు దాదాపు అన్ని ఫోన్లకూ, టీవీలకూ తెలిసిన లిపి. కాబట్టి పాత ఫైలును ఎంపీ4 కవరులోకి, హెచ్.264 లిపిలోకి మార్చడం ఉత్తమం.

ఇంటర్నెట్‌లో ఈ పని ఉచితంగా చేసిపెట్టే సైట్లు ఉన్నాయి. ముందుగా ఫైలును ఎక్కించాలి. కావలసిన రూపంగా ఎంపీ4ను ఎంచుకోవాలి. మార్పిడి ముగిసిన తరువాత కొత్త ఫైలును దించుకోవాలి. చిత్ర పరిమాణాన్ని ఉన్నది ఉన్నట్లే ఉంచడం మంచిది. పాత ఫోనులో 176 చుక్కల వెడల్పుతో తీసిన బొమ్మను ఎంత పెద్దది చేసినా లేని వివరం పుట్టదు. పైగా ఒక లిపి నుంచి మరొక లిపికి మార్చిన ప్రతిసారీ కొంత నాణ్యత తగ్గుతుంది. అందువల్ల మార్చినదాన్నే మళ్లీ మళ్లీ మార్చక, ఎప్పుడూ మూల ప్రతి నుంచే మార్చాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సైటులోకి ఎక్కించిన ఫైలు మనకు తెలియని వారి కంప్యూటరుకు చేరుతుంది. అది అక్కడి నుంచి పూర్తిగా తొలగిపోయిందో లేదో మనం సరిచూడలేము. పండుగ ఊరేగింపు అయితే చింత లేదు. ఇంటి ఆడపడుచుల వేడుకలు, పసిపిల్లల దృశ్యాలు మాత్రం అలా పంపరాదు. వీఎల్‌సీ, హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఆ పనిని ఇంటి కంప్యూటరులోనే చేసుకోవచ్చు.

మార్చిన తరువాత వీడియోను మొదటి నుంచి చివరివరకు ఒకసారి చూడాలి. మాటకూ పెదవి కదలికకూ పొందిక ఉన్నదా అని గమనించాలి. అంతవరకు పాత ఫైలును తుడిచివేయరాదు. ఆ తరువాత కూడా దానిని మరొక చోట భద్రపరచాలి.

యంత్రాలు ఎవరికోసమూ ఆగవు. ప్రపంచంలో వీసీఆర్ల తయారీ 2016లో నిలిచిపోయింది. ఎంపీ4 కూడా ఏదో ఒకనాడు పాతబడుతుంది. నాడు బ్రౌన్ చేయించిన పనిని తమ ఇంటి జ్ఞాపకాల కోసం ప్రతి తరమూ చేయవలసి ఉంటుంది. చదివే యంత్రం ఉండగానే ఎత్తి రాసుకోవాలి. మరణించిన తాతగారి గొంతును మరొకసారి రికార్డు చేయడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు.