మందు మొక్కకు ఏ ఎరువు? ఎంత? ఎప్పుడు?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. చేరువలో ఉన్నదానిని మనం లక్ష్యపెట్టమని దాని భావం. అయితే వేయరాని ఎరువు వేసినచో ఆ మాట అక్షరాలా నిజమవుతుందని నాకు అనుభవం మీద తెలిసినది.

మాది మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ. 2016కు ముందు ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. మా పెరట్లో తులసి, కలబంద, అశ్వగంధ, తిప్పతీగ పెంచుతున్నాను. ఒక వానాకాలంలో తులసి ఆకు పాలిపోయినదని పచ్చి పేడను నీళ్ళలో కలిపి, మొదళ్ళతోపాటు ఆకుల మీద కూడా చల్లాను. నాలుగు రోజులలో మొక్క కళకళలాడినది. అంతలో మా ఆరేళ్ళ అమ్మాయికి జలుబు చేసింది. ఆ ఆకునే ఒక్కసారి కడిగి, రసం తీసి, తేనెతో పట్టించాను. మరునాటి నుండి రెండు రోజులు వాంతులు, విరేచనాలు. బిడ్డ నీరసించి మంచం పట్టింది. కారణం ఆ రసమేనని నేను రుజువు చేయలేను. కాని వైద్యుడు "ఏమి తినిపించారు?" అని అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది పేడనీళ్ళు చల్లిన ఆ తులసియే.

పచ్చి ఎరువు, మాగిన ఎరువు

పచ్చి పేడలోను, కోళ్ళ పెంటలోను ప్రేగులకు హాని చేసే క్రిములు ఉండవచ్చును. కుప్ప వేసి తడిపి, అప్పుడప్పుడు తిరగవేస్తుంటే లోపల 55 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడి పుట్టి, ఆ క్రిములు చాలావరకు నశిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఔషధ మొక్కల సాగుకు 2003లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పశువుల ఎరువును బాగా మాగనిచ్చి వాడాలనీ, మనుషుల మలాన్ని ఎరువుగా వాడరాదనీ చెప్పినవి. అమెరికాలోని సేంద్రియ సాగు నిబంధనల ప్రకారం పచ్చి పశువుల ఎరువు వేసిన నేలను తాకే ఆహార భాగాన్ని 120 రోజుల వరకు, నేలను తాకని భాగాన్ని 90 రోజుల వరకు కోయరాదు. రోజూ ఆకు గిల్లుకునే తులసికి అంత వ్యవధి ఎక్కడిది? కనుక దానికి పచ్చి ఎరువు వద్దనుకోవడమే మేలు.

మాగిన పెంటను గుర్తించడం సులభం. చేతిలోకి తీసుకుంటే వేడి తగలదు, పేడ వాసన పోయి తొలకరి మట్టి వాసన వస్తుంది, పొడిగా రాలుతుంది. సగం మాగినది వేస్తే చెదలు, వేరుపురుగు కూడా చేరుతాయి.

ఏది ఎంత?

పశువుల పెంటలో నత్రజని సుమారు అర శాతం, వర్మికంపోస్టులో ఒకటిన్నర శాతం, కోళ్ళ పెంటలో మూడు శాతం వరకు ఉంటుంది. ఈ బలం వల్లనే పచ్చి కోళ్ళ పెంట లేత వేళ్ళను మాడ్చివేస్తుంది. కుండీకి రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పెంట, ఒక పాలు ఇసుక కలిపితే చాలును. నాటేటప్పుడు పిడికెడు వేపపిండి మట్టిలో కలపవచ్చును.

ఆకు కోసం పెంచే తులసికి నెలకొకసారి పిడికెడు వర్మికంపోస్టు వేసి, మొదలుకు తగలకుండా మట్టిలో కలపండి. కలబందకు ఎరువుకంటె నీరు నిలవని నేల ముఖ్యం. ఏడాదికి ఒకటి రెండుసార్లు దోసెడు మాగిన పెంట సరిపోతుంది. అశ్వగంధలో మనకు కావలసినది వేరు. నత్రజని ఎక్కువైతే ఆకు గుబురై వేరు సన్నబడుతుంది. విత్తిన 150 నుండి 180 రోజులకు వేరు తీస్తారు గనుక, నేల తయారీలో ఒక్కసారి ఎరువు వేసి ఊరుకోవాలి.

జీవామృతం సంగతి పలువురు అడుగుతుంటారు. 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 5 నుండి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి 48 గంటలు ఉంచుతారు. అది పొలానికి తగినదే. కాని అందులోని పేడ పచ్చిదే గనుక, పచ్చిగా తినే ఆకుల మీద చల్లరాదు.

అడవి నేర్పే పాఠం

మా ఊరి చుట్టూ ఉన్న అడవిలో తిప్పతీగకు ఎరువు వేసేవారు లేరు. రాలిన ఆకు కుళ్ళి అదే ఎరువవుతుంది. సుశ్రుతుడు సైతం సూత్రస్థానంలో ఔషధాలను ఏ నేల నుండి గ్రహించవలెనో ప్రత్యేకంగా వివరించి, పుట్టలు, శ్మశానాలు ఉన్న చోట్లను వర్జించమన్నాడు. జనగామ ప్రాంతంలోని ఏనబావి గ్రామం 2006లో రసాయన ఎరువులు, పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకొన్నది. ఊరంతా చేయగలిగిన పనిని మన పెరట్లో చేయడం కష్టం కాదు.

ఇప్పుడు మా తులసికి మాగిన ఎరువు తప్ప మరేదీ వేయను. ఆకును రెండు మూడు నీళ్ళలో కడిగి, పిల్లలకైతే కషాయంగా మరిగించి ఇస్తున్నాను. మొక్కకు మనం పెట్టిన తిండి చివరకు మన బిడ్డ నోటికే చేరుతుందని ఎరువు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ తలచుకోండి.